మింగుడు పలకలు

గెడ్డపాలెంలో మిల్లు కూలీలుండే లైన్లలో పక్కింటి గొడవ తెలుసుకోవడానికి గోడకి చెవి ఆనించే పని లేదు. గోగునార మిల్లులో పనిచేసే ఆడవాళ్లు ఇంటికొచ్చాక కూడా అరిచే మాట్లాడతారు. పులుసులో ఉప్పెక్కువైన సంగతి వీధి చివర కిళ్లీ కొట్టుదాకా వెళ్తుంది. పగలంతా నార వడికే ఫ్రేముల చప్పుడులో ఉండి ఉండి వాళ్ల చెవులు మొద్దుబారిపోయాయి. ఆ సంగతి వాళ్లు ఒప్పుకోరు. ఎదుటివాళ్లే గొణుగుతున్నారంటారు.

పైడమ్మ అయితే అసలే ఒప్పుకోదు. కూతురు సత్యవేణి మూడుసార్లు పిలిస్తే పలకదు. నాలుగోసారి గొంతు చించుకుంటే, "ఎందుకే అలాగ అరుత్తావు, నానేటి సెవిటిదాన్నా?" అంటుంది. ఆ మాటకి సత్యవేణికి ఏడవాలో నవ్వాలో తెలిసేది కాదు. ఎక్కువసార్లు కోపమే వచ్చేది.

సత్యవేణి ఆ లైన్లలోనే పుట్టి, తండ్రి పోయాక తల్లి మిల్లు కూలి మీదే విశాఖపట్నంలో పెద్ద చదువు చదివింది. చప్పుడు ఎలా పుడుతుంది, ఎలా నడుస్తుంది, దేనికి తగిలి చస్తుంది. ఆమె చదువంతా దాని మీదే. కాలేజీలో ఉద్యోగం ఇస్తామన్నా కాదని వచ్చి అదే మిల్లులో ఇంజనీరుగా చేరింది. మిల్లు వెనక పాత నార గోదాములో ఒక మూల అడిగి తీసుకుని, అక్కడ పలకలు కాల్చడం మొదలుపెట్టింది. పింగాణీ మట్టిలో వెంట్రుకంత రాగితీగ అల్లి, కొలిమిలో కాల్చిన పలకలు. చాలావరకు పగిలిపోయేవి. పగలనివి పనిచేసేవి కావు. ఇంటికొస్తే తల్లి, "మట్టి పిసుక్కోడానికి అంత సదువెందుకే" అనేది, నాలుగిళ్ల వాళ్లు వినేలా.

పనిచేసిన మొదటి పలకని ఆమె ఒక పాత ఫ్రేము మీద వేలాడదీసింది. ఎలక్ట్రీషియన్ సింహాచలం ఫ్రేము తిప్పాడు. గోదాము రేకులు అదిరాయి. సత్యవేణి పలకకి కరెంటు ఇచ్చింది.

చప్పుడు తగ్గలేదు. పోయింది. బయట ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ వెళ్లడం వినిపించింది.

ఫ్రేము ఆగిపోయిందనుకున్నాడు సింహాచలం. ఎక్కడ చిక్కుకుందో చూద్దామని చెయ్యి లోపలికి పెట్టబోయాడు. సత్యవేణి అతని చొక్కా పట్టుకుని వెనక్కి లాగింది. కదుళ్లు కంటికి కనబడనంత వేగంగా తిరుగుతూనే ఉన్నాయి.

అతను కాసేపు తన వేళ్ల వంకే చూసుకుంటూ కూర్చున్నాడు. "చప్పుడెటెల్లిపోనాదండి?" అన్నాడు తర్వాత.

"పలక మింగేసింది. ముట్టుకుని చూడు."

పలక వెచ్చగా ఉంది. ఒకే తీరున మళ్లీ మళ్లీ వచ్చే మోతని అది పీల్చుకుని వేడిగా మారుస్తుంది. మనిషి మాట ఎప్పుడూ ఒకే తీరున రాదు కాబట్టి దాని జోలికి పోదు. సింహాచలం దగ్గితే గోదాము ఆ చివర దాకా వినపడింది. మర్నాడు అతను లైన్లలో 'మింగుడు పలక' అన్నాడు. సత్యవేణి పెట్టిన పేరు వేరే ఉంది గాని, దాన్ని ఎవరూ పట్టించుకోలేదు.

మిల్లు మేనేజరు దక్షిణామూర్తి మర్యాదస్తుడు. ఎవరినీ గొంతెత్తి మాట అనడు. ఆయన గోదాముకి వచ్చి, తిరుగుతున్న ఫ్రేము పక్కన నిలబడి, తన చేతిలో తాళాలు గలగలమనడం విన్నాడు. "సత్యవేణి గారూ, ఎన్ని కావాలి మీకు?" అన్నాడు.

వేసంగి దాటేసరికి స్పిన్నింగు హాలు కప్పు నిండా పలకలు వేలాడాయి. ప్రారంభం రోజున కొబ్బరికాయ కొట్టి స్విచ్చి వేశారు. కొందరు ఆడవాళ్లు భయపడి ఫ్రేముల దగ్గర నుంచి వెనక్కి జరిగారు. ఒకామె చెవుల్లో వేళ్లు పెట్టి తీసి, పెట్టి తీసి చూసుకుంది. కొత్తగా చేరిన భూలక్ష్మి అనే పిల్ల అక్కడే కూర్చుని ఏడ్చింది. చేరిన దగ్గర్నుంచి నిద్రలో కూడా చెవిలో ఫ్రేము తిరుగుతోందట.

సత్యవేణి ఆ సాయంత్రం ఇంటికి జిలేబీ పట్టుకెళ్లింది. తల్లి గడప మీద కూర్చుని కాళ్లకి నూనె రాసుకుంటోంది.

"ఎలాగుందమ్మా?"

"ఏటి?"

"మిల్లు. చప్పుడు లేకుండా."

"నాకెలాగుంటాది? ముందూ ఇనపడ్నేదు, ఇప్పుడూ ఇనపడ్నేదు." పైడమ్మ జిలేబీ పొట్లం విప్పి వాసన చూసింది. "పాకం మాడిపోనాది" అంది.

ఇన్నేళ్ల కష్టానికి దక్కిన మాట అది. సత్యవేణి ఆ రాత్రి అన్నం తినలేదు. తినలేదని తల్లి గమనించి తిట్టింది. ఎందుకు తినలేదో మాత్రం అడగలేదు.

మొదటి రోజుల్లో అంతా బాగానే ఉంది. ఆడవాళ్లు పలకల కింద క్యారేజీలు వేలాడదీసి అన్నం వెచ్చబెట్టుకునేవారు. తర్వాత పని చేయించే సర్దారు సన్యాసప్పడు హాలు మధ్యలో కుర్చీ వేయించుకున్నాడు. ముందైతే అతను వరస వరసకీ తిరిగి, భుజం తట్టి, చేత్తో సైగ చేసి పని చెప్పాల్సి వచ్చేది. ఇప్పుడు కూర్చున్న చోటు నుంచే పేరు పెట్టి పిలుస్తున్నాడు. కూర్చున్న చోటు నుంచే అందరి మాటలూ వింటున్నాడు. ఎర్నమ్మ అనే పాతావిడ బోనసు గురించి పక్కావిడతో ఏదో అంటే, మర్నాడు ఆఫీసుకి పిలిచి, హాల్లో మాటలొద్దని చెప్పారు. వారం తిరక్కుండా అది అందరికీ వర్తించే నియమం అయింది.

ఆ తర్వాత, చప్పుడు లేనప్పుడు అలసటేముంటుందని, ఒక్కొక్కరికి రెండేసి ఫ్రేములు ఉన్నవి నాలుగు చేశారు.

ఇది విని సత్యవేణి ఆఫీసుకి వెళ్లింది. దక్షిణామూర్తి ఆమెకి టీ తెప్పించాడు.

"చప్పుడు అలసట పెంచుతుందని మీరే చెప్పారు కదండీ" అన్నాడు.

"చెప్పాను. అలసట తగ్గితే మనుషులకి కాస్త సుఖం అనుకున్నాను. ఇంకో రెండు ఫ్రేములు అనుకోలేదు."

"సుఖంగానే ఉన్నారు. ఎవరూ ఏమీ అనడం లేదు."

"మాట్లాడొద్దని మీరే అన్నారు."

ఆయన నవ్వి, టీ చల్లారిపోతోందని గుర్తుచేశాడు. సత్యవేణికి ఆ కప్పు తీసి ఎక్కడైనా విసిరేయాలనిపించింది. తాగి వచ్చేసింది.

పలకలు సరిచూసుకోవడానికి ఒక మధ్యాహ్నం హాల్లోకి వెళ్లినప్పుడు ఆమె తల్లిని చూసింది. చిన్నప్పుడు తల్లికి అన్నం పట్టుకొచ్చినప్పుడల్లా ఇదే హాలు గుమ్మంలో నిలబడి చూసేది. ఆ హోరులో పైడమ్మ చేతులు గాల్లో ఎగిరేవి. పెదాలు పెద్దవి చేసి, కళ్లు తిప్పి, వేళ్లతో ఏదో చెప్పేది. నాలుగు వరసల అవతల ఉన్న ఆడవాళ్లు పొట్ట పట్టుకుని నవ్వేవారు. సర్దారుకి ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. మిల్లు పెట్టినప్పటి నుంచి ఆడవాళ్లు ఒకరికొకరు నేర్పుకున్న చేతిమాట అది. పెళ్లి సంబంధాలు, మొగుళ్ల తిట్లు, సమ్మె కబుర్లు, అన్నీ అందులోనే నడిచేవి. ఒకసారి సత్యవేణి ఇంట్లో ఆ వేళ్లు తిప్పబోతే తల్లి చేతి మీద ఒక్కటేసింది. ఆ మాట నేర్చుకుంటే మిల్లుకే వస్తావంది.

ఇప్పుడు ఎవరి చేతులూ లేవడం లేదు. వినపడుతుంటే సైగలెందుకు? మాట్లాడే నాలుగు ముక్కలూ సర్దారుకి అందకుండా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, పెదాలు కదలకుండా అంటున్నారు. పైడమ్మ తన ఫ్రేముల మధ్య నిలబడి ఒకరి మొహం నుంచి ఇంకొకరి మొహానికి చూస్తోంది. ఎవరో ఏదో అన్నారు. పక్కవాళ్లు నవ్వారు. పైడమ్మ కూడా నవ్వింది, కొంచెం ఆలస్యంగా, దేనికో తెలియకుండానే.

సత్యవేణికి అప్పటిదాకా తట్టని సంగతి అది. హోరులో అందరూ చెవిటివాళ్లే. ఆ హోరులో తన తల్లికి సాటి మాటకారి లేదు. నిశ్శబ్దం వచ్చాక చెవిటిది ఆమె ఒక్కతీ అయింది.

ఒక్కతీ కాదు, నలభై మంది దాకా ఉన్నారని తర్వాత తేలింది. పక్క వరసలో ఒక ఫ్రేము తాడు తెగి కొట్టుకుంటుంటే, జరగమని సర్దారు అరిచినా ఒక ముసలావిడ జరగలేదు. మోచెయ్యి విరిగింది. వెంటనే మిల్లు డాక్టరుతో అందరికీ పరీక్ష పెట్టించారు. పరీక్ష అంటే పెద్ద యంత్రాలేమీ లేవు. మనిషిని గోడవైపు తిప్పి నిలబెడతారు. డాక్టరు వెనక నుంచి మామూలు గొంతుతో పేరు పిలుస్తాడు. తిరిగితే పనికొస్తుంది. తిరక్కపోతే లేదు.

పైడమ్మ తిరగలేదు. రెండోసారి పిలిచినా గోడనే చూస్తూ, ఎప్పుడు పిలుస్తారా అని నిలబడి ఉంది. డాక్టరు వచ్చి భుజం తడితే, "అప్పుడే అయిపోనాదా?" అని అడిగింది.

తిరగని వాళ్లందరినీ పనికి రావద్దన్నారు. వినపడని వాళ్లు నిశ్శబ్దంగా తిరిగే యంత్రాల మధ్య ఉండటం వాళ్లకే ప్రమాదమన్నారు. ఆ చెవులు పోగొట్టింది ఏ చప్పుడో ఎవరూ అడగలేదు.

సత్యవేణి ఇంటికొచ్చేసరికి పైడమ్మ పొయ్యి ముందు కూర్చుని ఉంది. పొయ్యి వెలిగించలేదు.

"నేను మాట్లాడతానమ్మా మేనేజరుతో" అంది సత్యవేణి గట్టిగా.

"నువ్వు మాట్లాడినంత సాలు." పైడమ్మ ఆమె వైపు తిరగలేదు. "నా సెవులు మిల్లు తినీసిందనుకున్నాను. మిగిలింది నువ్వు తినీసినావు."

"నీ కోసమే కదమ్మా చేశాను. అదంతా నీ చెవుల కోసమే కదా."

ఆ మాట పైడమ్మకి వినపడలేదు. ఏమన్నావని కూడా అడగలేదు. సత్యవేణి ఇంకోసారి అనలేకపోయింది. ఎంత నిజమైనా కొన్ని మాటలు రెండోసారి అరిచి చెప్పలేం.

దక్షిణామూర్తి ఈసారీ టీ తెప్పించాడు. నియమం నియమమేనన్నాడు. మీ అమ్మగారి విషయంలో వ్యక్తిగతంగా చాలా బాధపడుతున్నానన్నాడు. అవసరమైతే ఆమెకి క్యాంటీన్లో ఏదైనా చూస్తామన్నాడు. మిగిలిన వాళ్ల సంగతేమిటంటే, అందరికీ క్యాంటీన్ సరిపోదు కదండీ అన్నాడు.

సత్యవేణి అక్కడి నుంచి నేరుగా గోదాముకి వెళ్లి పలకలకి వెళ్లే కరెంటు తీసేసింది.

హాల్లో హోరు ఒక్కసారిగా విరుచుకుపడింది. గోదాములో ఉన్న ఆమె కూడా చెవులు మూసుకుంది. నిశ్శబ్దానికి తానూ అంతగా అలవాటు పడిందని ఆమెకి అప్పుడు తెలిసింది. కోపం తగ్గలేదు. సింహాచలం వచ్చి స్విచ్చి వైపు చూసి, ఆమె మొహం చూసి, పక్కకి తప్పుకున్నాడు. కాసేపటికి భూలక్ష్మి పరుగెత్తుకొచ్చింది. చెవులకి పైట చుట్టుకుని ఉంది.

"వెయ్యక్కా. దణ్ణమెడతాను."

"పెద్దవాళ్లని తీసేశారు గదే. పలకలుంటే వాళ్లు రాలేరు."

"అవునక్కా. పెద్దోల్ల సెవులు ఎలాగూ పోనాయి. మాయి కూడా పోవాలా? నాకిప్పుడు రాత్రి ఇంటికాడ మా పాప ఏడుపు ఇనపడతంది. పలకలు లేనప్పుడు ఇనపడీది కాదు, తెల్సా నీకు?"

సత్యవేణికి ఆ పిల్ల మీద కూడా కోపం వచ్చింది. ఆ కోపానికి అర్థం లేదు. ఆ పిల్ల చెప్పిందే తను ఇన్నేళ్లుగా కోరుకున్నది. ఆమె స్విచ్చి వేసింది.

ఆ తర్వాత కొన్నాళ్లు తల్లీకూతుళ్ల మధ్య మాటల్లేవు. లైన్లలో అందరికీ ఆ సంగతి తెలిసింది, ఎందుకంటే ఆ ఇంట్లోంచి అరుపులు రావడం మానేశాయి. పైడమ్మ సాయంత్రం పూట కుళాయి దగ్గరికి వెళ్లి ఆలస్యంగా వచ్చేది. పని పోయిన మిగతా ఆడవాళ్లు కూడా అక్కడే చేరుతున్నారని సత్యవేణి విన్నది. ఏడుపులు చెప్పుకుంటున్నారనుకుంది.

ఒకరోజు కుళాయి పక్క నుంచి వెళ్తుంటే బిందెల వరసలో భూలక్ష్మి, ఆమె ఈడు ఆడపిల్లలు పదిమంది దాకా కనిపించారు. వాళ్ల ముందు పైడమ్మ నిలబడి ఉంది. భూలక్ష్మి వేళ్లు మడిచి ఏదో చూపించింది. పైడమ్మ ఆమె చేతి మీద ఒక్కటేసి, వేలు సరిచేసి, మళ్లీ చెయ్యమంది. ఎర్నమ్మ పక్కన చీపురు పట్టుకుని సర్దారు లాగా అటూ ఇటూ నడుస్తోంది. ఆమె వెనక్కి తిరిగినప్పుడల్లా పిల్లల చేతులు లేస్తున్నాయి. ముందుకి తిరిగితే ఆగుతున్నాయి. సత్యవేణిని చూసి అందరూ బిందెలు సర్దుకున్నారు.

గోనెసంచులకి గిరాకీ బాగా ఉండే ధాన్యం రోజుల్లో, ఒక ఉదయం, స్పిన్నింగు హాల్లో ఫ్రేములన్నీ ఆగిపోయాయి. చప్పుడు లేని యంత్రాలు కాబట్టి ఆగిన సంగతి ఆఫీసుకి చాలాసేపు తెలియలేదు. సన్యాసప్పడు పరుగెత్తుకొచ్చి చెప్పాడు. దక్షిణామూర్తి సత్యవేణిని వెంటబెట్టుకుని వెళ్లాడు.

హాలు నిండా ఆడవాళ్లు. అందరూ ఎవరి ఫ్రేము దగ్గర వాళ్లు నిలబడి ఉన్నారు. ఒక్క నోరూ కదలడం లేదు. చేతులు మాత్రం ఆ చివర నుంచి ఈ చివరకి, గాలికి చేను ఊగినట్టు, మాట్లాడుకుంటున్నాయి. గుమ్మంలో పైడమ్మ, పని పోయిన మిగతా వాళ్లు నిలబడి లోపలికి జవాబు చెబుతున్నారు.

"ఏమంటున్నారు?" అన్నాడు దక్షిణామూర్తి.

"నాకు తెలీదండి."

"మీ అమ్మగారు కదండీ మాట్లాడుతున్నది."

"తెలీదండి. నాకు నేర్పలేదు."

ఆయన మొదటిసారి గొంతు పెంచి, ఎవరైనా నోరు తెరిచి చెప్పండని అడిగాడు. భూలక్ష్మి ముందుకొచ్చింది. చెప్పాల్సింది ముందే అనుకున్నట్టుంది, తడబడలేదు. తీసేసిన వాళ్లని తీసుకోవాలి. నాలుగు ఫ్రేములు మళ్లీ రెండు కావాలి. ఫ్రేముకో దీపం పెట్టాలి, పిలవాల్సిన వాళ్లు దీపం వెలిగించి పిలవాలి. పలకలు ఉండాలి. చివరి మాట అంటున్నప్పుడు ఆమె సత్యవేణి వైపు చూసింది.

మిల్లు లొంగడానికి చాలా రోజులు పట్టింది. మధ్యలో బయటి నుంచి పనివాళ్లని తెచ్చారు. యూనియన్ నాయకులు వచ్చారు, వాళ్లకీ చేతిమాట రాక విసుక్కుని వెళ్లారు. లైన్లలో పొయ్యిలు ఒంటిపూట వెలిగాయి. ఎర్నమ్మ మనవడికి జ్వరం వచ్చి ప్రాణం మీదికొచ్చింది. చివరికి సంచులు అందక ధాన్యం వ్యాపారులు గోల పెడితే అప్పుడు ఆఫీసు దిగొచ్చింది. ఫ్రేములు రెండు కాలేదు, మూడయ్యాయి. దీపాలు పెట్టారు. తీసేసిన వాళ్లలో చాలామందిని వెనక్కి తీసుకున్నారు. చెయ్యి విరిగినావిడని తీసుకోలేదు. దాని గురించి ఆడవాళ్లు ఇంకా మేనేజరుని వదల్లేదు.

పైడమ్మ మళ్లీ పనిలోకి వెళ్లింది. హాల్లో చేతులు మళ్లీ లేచాయి. సన్యాసప్పడు కుర్చీలోనే కూర్చుంటున్నాడు, కాని ఇప్పుడతను వినడానికి ఏమీ లేదు.

పంట రోజులు అయ్యాక దక్షిణామూర్తి సత్యవేణిని పిలిపించాడు. టీ వచ్చింది. ఇంకో రెండు మిల్లులు పలకలు కావాలంటున్నాయని చెప్పాడు. ఆమె జీతం పెంచే ఆలోచన ఉందన్నాడు. తర్వాత కుర్చీ కాస్త ముందుకి జరుపుకున్నాడు.

"చప్పుడులోంచి మాటని వేరుచేసే యంత్రం కట్టారు మీరు. మరి చేతుల్లోంచి మాటని వేరుచేసేది కట్టలేరా? కప్పు మీద నుంచి చూసి, ఎవరు ఎవరితో ఏమంటున్నారో చెప్పేది. భద్రత కోసమేనండి."

ఆయన మాట పూర్తయ్యేలోపే అది ఎలా కట్టాలో సత్యవేణికి తట్టేసింది. ఫ్రేము దీపాల వెలుగు చాలు. చేతుల కదలికలు ఒకే తీరున మళ్లీ మళ్లీ వస్తాయి. పలకలు వినే పద్ధతిలోనే అది చూస్తుంది. పలకల కంటే తేలిక. ఏడాది కూడా పట్టదు.

"కుదరదండి" అంది.

"ఆలోచించండి."

"ఆలోచించాను. ఒకరి చేతులు ఇంకొకరివిలా ఆడవు. యంత్రం పోల్చుకోలేదు. ఎవరివల్లా కాదు."

అబద్ధం అంత సాఫీగా వస్తుందని ఆమె అనుకోలేదు. ఆయన నిట్టూర్చి, పోనీలెండి అన్నాడు. ఇవాళ కాకపోతే రేపు ఇంకెవరికో తడుతుందని ఇద్దరికీ తెలుసు. ఆమె టీ తాగకుండానే లేచింది.

ఇంటికొచ్చేసరికి పైడమ్మ వంకాయలు తరుగుతోంది. కూతురి మొహం చూసి కత్తిపీట మీద చెయ్యి ఆపింది.

"మేనేజరెందుకు పిలిసినాడు?"

అరిచి చెప్తే వీధంతా వింటుంది. సత్యవేణి గుమ్మం వైపు చూసి, తల్లి ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది. ఈమధ్య కుళాయి దగ్గర చాటుగా చూసి పట్టుకున్న నాలుగు ముక్కలూ గుర్తు తెచ్చుకుంటూ చేతులు ఎత్తింది. ఆయన ఒక యంత్రం అడిగాడు, నేను ఇవ్వనన్నాను, అని చెప్పబోయింది. వేళ్లు వంకరగా మడతపడ్డాయి.

పైడమ్మ కళ్లు చికిలించి రెండుసార్లు చూసింది.

"గేదెనడిగినాడా?" అంది. "మన కాడ గేదెలేడున్నాయే ఆడికివ్వడానికి?"

సత్యవేణి కాదన్నట్టు తలూపి మళ్లీ మొదలుపెట్టింది. పైడమ్మ వంకాయ పక్కన పడేసి, విసుక్కుంటూ, తడి చేత్తోనే కూతురి వేళ్లు పట్టుకుని ఒక్కొక్కటీ సరిచెయ్యసాగింది.